ముందు కార్బన్లు లెక్కపెట్టు, పేర్లు తర్వాత

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. ఇంటర్ బైపీసీ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు నెల్లూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కణం గ్లూకోజును విరగ్గొట్టి శక్తి తీసే గ్లైకోలైసిస్ పది స్టెప్పులూ ఎంజైముల పేర్లతో సహా అప్పజెప్పగలను. మధ్యలో ఆపి ‘ఇది ఎందుకు జరిగింది?’ అని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఒక గ్లూకోజు నుంచి వచ్చే ఏటీపీ (కణం శక్తికి వాడుకునే అణువు) ఒక పుస్తకంలో 38, ఇంకో పుస్తకంలో 32 అని ఉంది. ఏది రాయాలి? పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) మారకుండా నిలిపే బఫర్ ద్రావణాల లెక్కలంటే భయం. ప్రాక్టికల్స్‌లో రంగును బట్టి కొలిచే లౌరీ పద్ధతిలో పాలల్లో ప్రొటీన్ చూస్తే 100 మి.లీ.కి 0.0124 గ్రాములు వచ్చింది, గ్రాఫు కూడా వంకరపోయింది. ఇంట్లోవాళ్లు ‘ఇక్కడ దీనికి ఉద్యోగాలేమున్నాయి, మానేసి నర్సింగులో చేరు’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు? — ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, కోర్సు మారే సంగతి ఆఖర్న చూద్దాం. నీ ఉత్తరం చదివితే నీకు కష్టపడటం చేతకాదని ఎక్కడా అనిపించలేదు. ఇంటర్లో బోటనీ, జువాలజీ చదివిన పద్ధతిలోనే దీన్నీ చదువుతున్నావు, తేడా అక్కడ వస్తోంది. అక్కడ పేరు గుర్తుంటే మార్కు పడేది. ఇక్కడ పేరు అన్నిటికంటే ఆఖర్న రావాలి. ముందు అణువు బొమ్మ, అందులో ఎన్ని కార్బన్లు, ఏ కార్బన్ మీద ఏముంది అన్నవి చేతికి రావాలి. అవి రాకుండా పది పేర్లు వరసగా బట్టీపడితే, ఎవరైనా నాలుగో పేరు దగ్గర ఆపగానే మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది.

గ్లైకోలైసిస్‌తోనే మొదలుపెడదాం. ఒక తెల్లకాగితం మీద గ్లూకోజును ఉంగరంలా కాకుండా నిలువు గొలుసులా గియ్యి. పైన ఒకటో కార్బన్ ఆల్డిహైడు, కింద ఆరో కార్బన్ మీద ఓహెచ్. ఈ ఆరు కార్బన్ల గొలుసును సరిసమానంగా రెండు సగాలు చెయ్యాలి. కోసేది ఆల్డోలేజ్ అనే ఎంజైము. దాని కోత ఎక్కడ పడుతుందంటే, కార్బోనిల్ (జంట బంధంతో అంటిన ఆక్సిజన్) ఉన్న కార్బన్‌ను వదిలేసి, దాని పక్క కార్బన్‌కూ ఆ తర్వాతి కార్బన్‌కూ మధ్య. గ్లూకోజులో కార్బోనిల్ ఒకటో కార్బన్ మీద ఉంది. అలాగే కోస్తే రెండుకీ మూడుకీ మధ్య తెగి, రెండు కార్బన్ల ముక్క ఒకటి, నాలుగు కార్బన్ల ముక్క ఒకటి వస్తాయి. అప్పుడు రెండిటికీ వేరువేరు దారులు కావాలి. కార్బోనిల్‌ను రెండో కార్బన్ మీదికి జరిపితే కోత మూడుకీ నాలుగుకీ మధ్య పడుతుంది. మూడు అటు, మూడు ఇటు. మొదటి స్టెప్పులో ఆరో కార్బన్ మీద ఫాస్ఫేట్ ఎక్కి తయారైన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ రెండో స్టెప్పులో వెళ్లి ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ అయ్యేది ఇందుకే. జరపడంతో ఇంకో పని కూడా అయింది. ఒకటో కార్బన్ మీద ఇప్పుడు మామూలు ఓహెచ్ ఉంది కాబట్టి మూడో స్టెప్పులో అక్కడ రెండో ఫాస్ఫేట్ ఎక్కుతుంది. కోశాక రెండు ముక్కలకీ తలా ఒక ఫాస్ఫేట్ ఉంటుంది. ఆ రుణావేశం వల్ల ఏ ముక్కా కణం పొర దాటి బయటికి జారిపోదు.

ఇంతవరకు ఒక్క ఎంజైము పేరూ బట్టీ పట్టకుండానే మొదటి నాలుగు స్టెప్పులు ఎందుకున్నాయో తెలిసిపోయింది. పేర్లు ఇప్పుడు వాటంతట అవే వస్తాయి. ఏటీపీ ప్రమేయంతో ఫాస్ఫేట్ చేతులు మారితే కైనేజ్. ఉన్న అణువులోనే అమరిక మారితే ఐసోమరేజ్. ఫాస్ఫేట్ అదే అణువులో ఒక కార్బన్ నుంచి ఇంకో కార్బన్‌కు మారితే మ్యూటేజ్. ఎన్ఏడీ వచ్చి హైడ్రోజన్ పట్టుకుపోతే డీహైడ్రోజినేజ్. కైనేజ్‌లు 1, 3, 7, 10 స్టెప్పుల్లో ఉన్నాయి. మొదటి రెండిట్లో ఖర్చు, చివరి రెండిట్లో రాబడి. కోసిన తర్వాత ముక్కలు రెండు కాబట్టి రాబడి రెండింతలు. నాలుగులోంచి రెండు పోతే మిగిలేది రెండు ఏటీపీ. వెనక్కి తిరగని స్టెప్పులు 1, 3, 10 మాత్రమే. ఏడోది కైనేజే అయినా వెనక్కి తిరుగుతుంది. వైవాలో ఈ ప్రశ్న తరచూ వేస్తారు, చాలామంది ‘కైనేజ్‌లన్నీ’ అని చెప్పి ఇరుక్కుంటారు.

సాధన ఎలాగంటావా? పుస్తకం మూసి కార్బన్ గొలుసులు మాత్రమే గియ్యి, పేర్లు వద్దు. ఎక్కడ ఆగిపోయావో అక్కడ ఎర్ర పెన్నుతో గీటు పెట్టుకుని, అప్పుడు మాత్రమే పుస్తకం తెరువు. రెండో రోజు అదే కాగితం పక్కన ఏం లోపలికొచ్చింది, ఏం బయటికెళ్లింది అన్నవి చేర్చు: ఏటీపీ, ఎన్ఏడీ, నీరు, ఫాస్ఫేట్. ఎంజైముల పేర్లు మూడో రోజు. రెండు మూడు వారాలకు పది స్టెప్పులూ పది నిమిషాల్లోపు గీయగలిగితే చాలు. గ్లైకోలైసిస్ తర్వాత మైటోకాండ్రియాలో (కణంలో శక్తి తయారయ్యే భాగంలో) నడిచే టీసీఏ సైకిల్‌కూ ఇదే వరస. అక్కడ సక్సినేట్ నుంచి ఆక్సాలోఎసిటేట్ దాకా ఉన్న మూడు స్టెప్పుల మీద కాస్త ఎక్కువసేపు కూర్చో. ముందు ఎన్ఏడీ లాంటిదే అయిన ఎఫ్ఏడీ హైడ్రోజన్లు తీస్తుంది, తర్వాత నీరు చేరుతుంది, ఆ తర్వాత ఎన్ఏడీ హైడ్రోజన్ తీస్తుంది. కొవ్వు ఆమ్లాలను విరగ్గొట్టే బీటా ఆక్సిడేషన్‌లో మొదటి మూడు స్టెప్పులు అచ్చం ఇవే. చివర్లో రెండు కార్బన్ల కోత ఒక్కటే కొత్తది. ఈ పోలిక కంట పడ్డవాళ్లకు ఆ యూనిట్ సగం భారం తగ్గినట్టే.

‘ఎందుకు’ అనే ప్రశ్న నీ ఊరి దగ్గరే ఒకటుంది. కనిగిరి వైపు వాళ్లకు ఫ్లోరైడ్ అంటే ఏంటో వేరే చెప్పాల్సిన పని లేదు. షుగర్ పరీక్షకు రక్తం తీసే ట్యూబును ఎప్పుడైనా గమనించావా? మూత బూడిదరంగులో ఉంటుంది, లోపల సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉంటాయి. ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియా లేదు, బతుకంతా గ్లైకోలైసిస్ మీదే. మామూలు ట్యూబులో రక్తాన్ని గది వేడిలో వదిలేస్తే కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా రీడింగ్ పడిపోతుంది. ఫ్లోరైడ్ వెళ్లి తొమ్మిదో స్టెప్పులోని ఈనోలేజ్‌ను ఆపుతుంది. ఆ ఎంజైముకు మెగ్నీషియం కావాలి. ఫ్లోరైడ్, ఫాస్ఫేట్ రెండూ కలిసి ఆ మెగ్నీషియాన్ని పట్టుకుని అక్కడే అడ్డంపడతాయి.

ఇప్పుడు ప్రశ్న. ఫ్లోరైడ్ వేసిన ట్యూబులో కూడా మొదటి గంట, రెండు గంటలు గ్లూకోజ్ కొంత తగ్గుతూనే ఉంటుంది. ఎందుకు? అప్పజెప్పేవాళ్ల దగ్గర దీనికి జవాబుండదు, బొమ్మ గీసేవాళ్ల దగ్గర ఉంటుంది. గ్లూకోజును వాడేది ఒకటో స్టెప్పు, ఆగింది తొమ్మిదోది. దానికి ముందున్న ఎనిమిది స్టెప్పులూ ఇంకా నడుస్తున్నాయి. పదో స్టెప్పు నుంచి రావాల్సిన ఏటీపీ రాకపోయేసరికి కణంలో ఏటీపీ తరిగిపోతుంది, అప్పుడుగానీ ఒకటో స్టెప్పు నిలబడదు.

దీన్ని బట్టి తాగేనీటి ఫ్లోరైడ్ కూడా ఒంట్లో గ్లైకోలైసిస్‌ను ఆపేస్తుందని రాసేస్తారు కొందరు. లెక్క వేసి చూడు. ట్యూబులో సోడియం ఫ్లోరైడ్ సుమారు మి.లీ.కి 2.5 మి.గ్రా., అంటే లీటరుకు 2500 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్ అణుభారం 42, అందులో ఫ్లోరైడ్ 19. కాబట్టి లీటరుకు దాదాపు 1130 మి.గ్రా. ఫ్లోరైడ్. తాగేనీటికి మన దేశ ప్రమాణాల్లో వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే గరిష్ఠ పరిమితి 1.5 మి.గ్రా. రెండిటికీ తేడా 750 రెట్లు. నీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి చేరేది పళ్లలోకి, ఎముకలోకి. అక్కడి గట్టి ఖనిజం హైడ్రాక్సీఅపటైట్‌లో ఓహెచ్ ఉన్నచోట తాను కూర్చుంటుంది. ఒకే అయాన్, రెండు గాఢతలు, రెండు వేరు కథలు. బయోకెమిస్ట్రీలో ‘ఎంత’ అన్నది తెలియకుండా ‘ఏమిటి’ అన్నదానికి జవాబు పూర్తికాదు.

ఏటీపీ గొడవకు వద్దాం. నువ్వు చూసిన రెండు పుస్తకాలూ తప్పు కావు. పాతవాటిలో (హైడ్రోజన్ పట్టుకున్న ఎన్ఏడీ, ఎఫ్ఏడీలే ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2) ఒక ఎన్ఏడీహెచ్‌కు 3, ఎఫ్ఏడీహెచ్2‌కు 2 లెక్కన కట్టారు, అలాగైతే 38 లేదా 36. ఇప్పటి పుస్తకాలు 2.5, 1.5 లెక్క వాడతాయి, అలాగైతే 32 లేదా 30. మళ్లీ రెండేసి అంకెలు ఎందుకంటే, గ్లైకోలైసిస్‌లో పుట్టిన రెండు ఎన్ఏడీహెచ్‌లు మైటోకాండ్రియా బయట ఉన్న కణద్రవం సైటోసాల్‌లో ఉంటాయి. అవి మైటోకాండ్రియాలోకి మాలేట్-ఆస్పార్టేట్ షటిల్ (మోసుకెళ్లే ఏర్పాటు) మీద వెళ్తే పెద్ద అంకె, గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ మీద వెళ్తే చిన్న అంకె. పరీక్షలో అంకె కంటే ముందు ‘ఒక ఎన్ఏడీహెచ్ = 2.5 ఏటీపీ అనుకుంటే’ అని ఒక వాక్యం రాసి లెక్క చూపించు. దిద్దే చెయ్యి ఏ పుస్తకం చదివినదైనా మార్కు పోదు. పదహారు కార్బన్ల కొవ్వు ఆమ్లం పామిటేట్‌కూ ఇదే తంతు. ఏడు విడతల్లో ఏడు ఎన్ఏడీహెచ్, ఏడు ఎఫ్ఏడీహెచ్2, ఎనిమిది ఎసిటైల్ కోఎ (టీసీఏ సైకిల్లోకి వెళ్లే రెండు కార్బన్ల ముక్క). కొత్త లెక్కలో 17.5, 10.5, 80 కలిపితే 108. మొదట్లో యాక్టివేషన్‌కు ఖర్చయిన రెండు తీసేస్తే 106. పాత లెక్కలో 129. అంకె ఎలా వచ్చిందో తెలిస్తే రెండూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు పీహెచ్, బఫర్ దగ్గర గుండె జారుతుంది. భయపడాల్సినంత గణితం అందులో లేదు. లాగరిథం అంటే పది ఎన్నో ఘాతం అన్నదొక్కటి తెలిస్తే గట్టెక్కుతావు. పీహెచ్ ఆ ఆమ్లం పీకేఏతో (హైడ్రోజన్ వదిలే బలానికి కొలతతో) సమానమైతే ఆమ్ల రూపం, క్షార రూపం సగం సగం. పీహెచ్ ఒకటి పెరిగితే నిష్పత్తి పదింతలు మారుతుంది. ఇది నెల్లూరు రొయ్యల చెరువుల దగ్గర రోజూ కనపడే సంగతి. నీటిలో ఉన్న మొత్తం అమ్మోనియాలో రొయ్యకు విషం అమ్మోనియా వాయు రూపమే, అమ్మోనియం అయాన్ అంత కీడు చెయ్యదు. పీకేఏ 9.25 చుట్టుపక్కల. తెల్లారి చెరువు పీహెచ్ 7.5 ఉంటే విష రూపం రెండు శాతం లోపే. మధ్యాహ్నానికి నాచు కార్బన్ డయాక్సైడును లాగేసుకుని పీహెచ్ 8.5కు ఎక్కిందనుకో, అదే చెరువులో, అదే మొత్తం అమ్మోనియాలో 15 శాతం విష రూపంలోకి మారిపోతుంది. ఉప్పదనం, వేడిని బట్టి ఈ అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి. పీహెచ్, పీకేఏలను కలిపే హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణంలో ఈ రెండు పీహెచ్‌లనూ పెట్టి 1.75, 15 వస్తున్నాయో లేదో నువ్వే చూసుకో. ఆ ఒక్క లెక్క చేతికి వస్తే అమైనో ఆమ్లాల టైట్రేషన్ కూడా వచ్చినట్టే. అక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) అనగానే మూడు పీకేఏలూ కలిపి మూడుతో భాగించేస్తారు. నికర ఆవేశం సున్నాగా ఉన్న రూపానికి అటూఇటూ ఉన్న రెండు పీకేఏలే తీసుకోవాలి. లైసిన్‌కు 8.95, 10.53 తీసుకుంటే 9.74. దానికి 2.18తో పనిలేదు.

బఫర్ చేసేటప్పుడు తప్పు లెక్కలో కంటే సీసా లేబుల్ దగ్గర ఎక్కువ జరుగుతుంది. 0.1 మోలార్, పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్ 200 మి.లీ. కావాలంటే 0.2 మోలార్ సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 39 మి.లీ., 0.2 మోలార్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 61 మి.లీ. కలిపి, నీటితో 200 చెయ్యాలి. రెండోదాన్ని 100 మి.లీ. తయారుచెయ్యడానికి నీరు లేని పొడి అయితే 2.84 గ్రాములు తూచాలి. ల్యాబ్‌లో ఉన్న సీసా మీద డోడెకాహైడ్రేట్ అని ఉంటే, అంటే ప్రతి అణువుతో పన్నెండు నీటి అణువులుంటే, అణుభారం 358, తూచాల్సింది 7.16 గ్రాములు. లేబుల్ చూడకుండా 2.84 వేసేస్తే క్షార భాగం సగం కూడా పడదు, పీహెచ్ కిందికి దిగిపోతుంది. అప్పుడు మీటర్ పాడైందని దాని మీద పడతారు. ఇంకో సంగతి. పీకేఏ 7.2 అని పెట్టి ఈ 39, 61 లెక్క కడితే కాగితం మీద 7.4 వస్తుంది, మీటర్ 7.0 చూపిస్తుంది. మీటర్ చెప్పిందే నిజం. ఇంత ఉప్పున్న ద్రావణంలో ఆ పీకేఏ 6.8 దగ్గరికి దిగుతుంది. వైవాలో ఇది చెప్పగలిగితే అడిగేవాళ్లే ఒక క్షణం ఆగుతారు.

ఇక నీ పాల ప్రొటీన్. నీ ప్రయోగం చెడిపోలేదు, లెక్క సగంలో ఆగింది. పాల ప్యాకెట్ మీద 100 మి.లీ.కి ప్రొటీన్ మూడు గ్రాముల చుట్టుపక్కల రాసి ఉంటుంది. నీకొచ్చిన 0.0124ను 250తో గుణించు. 3.1 వచ్చింది కదా? 1 మి.లీ. పాలను 250 మి.లీ. ఫ్లాస్కులో పలచన చేసి ఉంటారు, ఆ డైల్యూషన్ ఫ్యాక్టర్ వెయ్యడం మర్చిపోయావు. 0.5 మి.లీ. శాంపిల్‌కు గ్రాఫులో 62 మైక్రోగ్రాములు వస్తే మి.లీ.కి 124, దాన్ని 250తో గుణిస్తే 31,000 మైక్రోగ్రాములు, అంటే 31 మి.గ్రా., 100 మి.లీ.కి 3.1 గ్రాములు. జవాబు రాసి పెన్ను మూసే ముందు ఆ పదార్థంలో ఉండాల్సినది ఎంతో ఒకసారి తలుచుకో. పాలల్లో వందకు పన్నెండు మిల్లీగ్రాములే ప్రొటీన్ ఉంటే పెరుగు తోడుకోదు.

గ్రాఫు వంకర విషయంలో వంకర ఎలాంటిదో చూడాలి. పైకి వెళ్లేకొద్దీ నున్నగా, కొంచెంగా వంగితే అది లౌరీ పద్ధతి స్వభావమే, ఎక్కువ గాఢతలో ఆ గీత పూర్తిగా తిన్నగా ఉండదు. స్కేలు పెట్టి బలవంతంగా గియ్యకు, చుక్కల్ని కలుపుతూ నున్నటి వంపు గియ్యి, లేదా శాంపిల్ రీడింగ్ కింది సగంలో పడేట్టు ఇంకొంచెం పలచన చెయ్యి. చుక్కలు మెట్లలా ఎగుడుదిగుడుగా పడితే తప్పు చేతిది. ముఖ్యంగా నీలం రంగునిచ్చే ఫోలిన్ రియేజెంట్ వేసే తీరుది.

ఒక్కో ట్యూబులో ఏం జరుగుతుందో చూడు. మి.లీ.కి 200 మైక్రోగ్రాముల బీఎస్ఏ (గాఢత తెలిసిన ప్రొటీన్ ద్రావణం) నుంచి 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మి.లీ. తీసి, నీటితో అన్నిటినీ 1 మి.లీ. చేస్తావు. బ్లాంక్‌లో నీరు మాత్రమే. అన్నిటికీ 5 మి.లీ. ఆల్కలైన్ కాపర్ ద్రావణం, పది నిమిషాలు ఆగడం. తర్వాత సమాన నీటితో పలచన చేసిన ఫోలిన్ 0.5 మి.లీ., చీకట్లో అరగంట, 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్. ఇందులో మెలిక ఏంటంటే, ఫోలిన్ క్షారంలో పడగానే పాడవడం మొదలుపెడుతుంది, ప్రొటీన్‌తో చర్య జరపడానికి దానికి ఉన్న సమయం చాలా తక్కువ. అందరూ ఏం చేస్తారంటే అన్ని ట్యూబుల్లోనూ వరసగా వేసుకుంటూపోయి, చివర్లో అన్నిటినీ ఒకేసారి కలుపుతారు. మొదట వేసిన ట్యూబుల్లో ఫోలిన్ అప్పటికే చచ్చి ఉంటుంది. ఒక ట్యూబులో వెయ్యి, వెంటనే కలుపు, తర్వాతే రెండో ట్యూబు. ట్యూబుకూ ట్యూబుకూ మధ్య అర నిమిషం చొప్పున పెట్టుకుని, రీడింగ్ కూడా అదే వరసలో, అదే వ్యవధిలో తియ్యి.

ఫోలిన్ సీసా రంగు కూడా చూసుకో. పసుపుగా ఉంటే మంచిది, ఆకుపచ్చకు తిరిగితే దాన్ని పారేసి కొత్తది అడుగు. కాపర్ ద్రావణం ఆ రోజుకారోజు కలుపుకోవాలి: 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడులో 2 శాతం సోడియం కార్బొనేట్ 50 మి.లీ.కి, 1 శాతం సోడియం పొటాషియం టార్ట్రేట్‌లో 0.5 శాతం కాపర్ సల్ఫేట్ 1 మి.లీ. నిన్న మిగిలింది వాడితే రీడింగ్ తక్కువ వచ్చి కారణం తెలియక తల పట్టుకుంటావు. మైక్రోపిపెట్ అయితే పీల్చేటప్పుడు మొదటి ఆపు దాకానే నొక్కాలి, రెండో ఆపు వదిలేటప్పుడు. పీల్చేటప్పుడే రెండో ఆపు దాకా నొక్కితే ప్రతిసారీ ఎక్కువ వస్తుంది. అదీ ఎప్పుడూ ఒకే అంత ఎక్కువ రాదు.

ఫాస్ఫరస్ ప్రాక్టికల్ వచ్చినప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. సబ్బుపొడితో కడిగిన ట్యూబులు వాడకు. డిటర్జెంట్‌లోని ఫాస్ఫేట్ గాజుకు అంటుకుని బ్లాంకే నీలమైపోతుంది. పలచని ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు తొలుచుకో. ఆ పద్ధతిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు, అందులోని సుబ్బారావు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో దాన్ని ప్రచురించారు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను కండరంలో వాళ్లిద్దరూ కనిపెట్టడానికి దారి చూపింది కూడా ఈ నీలం రంగే. నువ్వు ఒక పీరియడ్‌లో చేసే ప్రాక్టికల్ అది, తేలిగ్గా తీసుకోకు.

లాలాజలంలో పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైము అమైలేజ్ ప్రయోగం ఎండాకాలంలో పడితే కొంచెం జాగ్రత్త. మే నెలలో మన ల్యాబుల్లో బల్లమీద పెట్టిన నీళ్లే 37 డిగ్రీలు దాటి ఉంటాయి, కాబట్టి వాటర్‌బాత్‌లో థర్మామీటర్ చూడకుండా మొదలుపెట్టొద్దు. వేడిగా ఉన్న ట్యూబులోనే అయోడిన్ వేస్తే పిండిపదార్థం ఉన్నా నీలం పలచబడుతుంది, ఎంజైము పని అయిపోయిందని పొరపడతావు. టైల్ మీద చల్లని అయోడిన్ చుక్క పెట్టుకుని దాంట్లోకి శాంపిల్ చుక్క వెయ్యి. ఎంజైము కైనెటిక్స్ గ్రాఫులో మాత్రం ఒక్కటే మాట: లైన్‌వీవర్-బర్క్ గ్రాఫు (గాఢత, వేగాల విలోమాలతో గీసేది) గీసేటప్పుడు కాగితం ఎడమ అంచు నుంచి మొదలుపెట్టకు. గీత ఎక్స్ అక్షాన్ని తాకేది సున్నాకు ఎడమవైపున, కేఎమ్ (ఎంజైము గరిష్ఠ వేగంలో సగం అందుకునే గాఢత) దొరికేది అక్కడే. ఎడమ పక్క మూడోవంతు కాగితం వదులు.

ఇంగ్లిష్ గురించి నువ్వు అడగలేదు గానీ ఉత్తరంలో ఆ బెంగ కనపడుతోంది. రూమ్మేట్‌కు ఒక స్టెప్పును తెలుగులో, బొమ్మ గీసి వివరించు. అది వచ్చాక అదే విషయాన్ని ఐదు పొట్టి ఇంగ్లిష్ వాక్యాల్లో రాయి. వాక్యానికి ఒక్క సంగతే. పెద్ద వాక్యాల జోలికి పోకు. రోజుకు ఒక జవాబు చొప్పున రాస్తే సెమిస్టర్ పరీక్షల నాటికి నీ చేతిలో ఒక నోటుబుక్కు ఉంటుంది. ఎన్‌పీటీఈఎల్‌లో బయోకెమిస్ట్రీ వీడియో పాఠాలు ఆన్‌లైన్లో ఉచితంగా ఉన్నాయి, వాటిని విన్న తర్వాత గియ్యాలి. గీయకుండా వింటే ఆ గంట వృథా.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల మాట. వాళ్లు అన్నదాంట్లో సగం నిజం ఉంది. బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఒక్కదాంతో ఇక్కడ నేరుగా దొరికే ఉద్యోగాలు తక్కువే, జీతాలూ అంతంతమాత్రమే. ఆసుపత్రి ల్యాబుల్లో టెక్నీషియన్ కావాలంటే డీఎంఎల్‌టీ లాంటి మెడికల్ ల్యాబ్ కోర్సు అడుగుతారు, నీ డిగ్రీ దానికి బదులు కాదు. ఇది చేరేముందు చాలామందికి ఎవరూ చెప్పరు. ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో కెమిస్ట్రీ వాళ్లకు మొగ్గు ఉంటుంది. దగ్గర్లో దారి ఉన్నది ఆక్వా వైపు. కావలి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట హేచరీలు, చెరువుల దగ్గర ల్యాబులు ఉన్నాయి. అక్కడ రొయ్యలకు జబ్బు తెచ్చే తెల్లమచ్చ వైరస్‌కు, ఈహెచ్‌పీకి పీసీఆర్ (డీఎన్ఏ ఆనవాలు పట్టే) పరీక్షలు, నీటిలో అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ చూడటం రోజువారీ పని. ఇంటర్న్‌షిప్ వచ్చినప్పుడు సర్టిఫికెట్ ఇచ్చి పంపేచోటికి కాకుండా, రెండు నెలలు పిపెట్ చేతికిచ్చే ల్యాబ్ వెతుక్కో. ఒకటి రెండు మైక్రోలీటర్లు కచ్చితంగా తియ్యడం, ఒక శాంపిల్ ఇంకోదానికి అంటకుండా చూసుకోవడం వస్తే అది ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

నర్సింగ్ మంచి వృత్తి, ఉద్యోగాలకూ కొదవ లేదు. రోగుల దగ్గర ఉండి చూసుకోవడం నీకు ఇష్టమైతే ఇప్పుడు మారినా నష్టం లేదు, నాలుగేళ్ల కోర్సు మొదటినుంచి మొదలుపెట్టాలి, అంతే. గ్లైకోలైసిస్ రావట్లేదని మాత్రం మారకు, నర్సింగ్ మొదటి ఏడాదిలోనూ బయోకెమిస్ట్రీ ఉంటుంది.

ఉండాలనుకుంటే ఎమ్మెస్సీ దాకా వెళ్లాలని ఇప్పుడే అనుకో. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ విభాగం ఉంది, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ. ఐఐటీలకు జామ్, అందులో బయోటెక్నాలజీ పేపర్. మామూలుగా సెప్టెంబరులో దరఖాస్తులు, ఫిబ్రవరిలో పరీక్ష, మూడు గంటలు, అరవై ప్రశ్నలు, వంద మార్కులు. ఒకే జవాబున్న మల్టిపుల్ చాయిస్ ప్రశ్నల్లో తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడోవంతు పోతుంది. అంకె కనుక్కుని రాసేవాటిలో కోత లేదు. నువ్వు పైన భయపడ్డ బఫర్, డైల్యూషన్, కేఎమ్ లెక్కలు ఎక్కువగా వచ్చేది ఆ అంకె ప్రశ్నల్లోనే. బైపీసీ పిల్లలు బయాలజీ మీదే ఏడాదంతా గడిపి వీటిని వదిలేస్తారు. ఆ పేపర్లో ఇంటర్ స్థాయి మ్యాథ్స్, ఫిజిక్స్ కూడా ఉన్నాయి కాబట్టి రెండో సంవత్సరం సెలవుల్లోనే ఎంపీసీ వాళ్ల మొదటి సంవత్సరం మ్యాథ్స్ పుస్తకం అడిగి తెచ్చుకో: లాగరిథంలు, ఫంక్షన్లు, తేలికపాటి డిఫరెన్షియేషన్ చాలు. ఒకటి మాత్రం ముందే చూసుకో. కొన్ని కోర్సులకు ఇంటర్లో మ్యాథ్స్ చదివి ఉండాలని అర్హతలో అడుగుతారు. ఆ ఏటి బ్రోచర్‌లో నువ్వు కోరుకునే కోర్సు ఎదురుగా ఏం రాశారో చదివాకే ఫీజు కట్టు, లేకపోతే ర్యాంకు వచ్చి కూడా సీటు దగ్గర ఆగిపోవాల్సి వస్తుంది.